రూతమ్మ ఇంటి బురద

దేశమంతా మా ఊరికే వస్తుంది కాబట్టి నేను ఊళ్ళు తిరగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. నా పేరు సరోజ. తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో గదులు శుభ్రం చేసేవాళ్ళకు సూపర్‌వైజర్ని. గది ఖాళీ అయిన కాసేపటికే, అందులో అంతకుముందు మనిషన్నవాడు ఉన్న ఆనవాలు లేకుండా చేయడం నా పని. గుండ్లు కొట్టించుకున్న ఒక పెద్ద కుటుంబం ఒకే గదిలో పడుకుని, పులిహోర తిని, లడ్డూ పొడి పరుపుల మీద రాల్చి, బాత్రూంలో గంధం గిన్నె బోర్లించి పోయినా సరే, తర్వాత వచ్చేవాళ్ళకు అది నిన్ననే కట్టిన గదిలా ఉండాలి. ఉంటుంది కూడా. ఈ విషయంలో నాకు కొంచెం పొగరుందని మా ఆయన అంటాడు. కొంచెం కాదు, బాగానే ఉంది.

మొన్న తుఫాను వచ్చినప్పుడు కొండకు జనం రావడం ఆగిపోయింది. గదులన్నీ ఖాళీ. కడగడానికి ఏమీ లేక కడిగినవే మళ్ళీ కడుగుతుంటే మా మేనేజరు మోహన్ సార్ అందరినీ హాల్లోకి పిలిచాడు. స్వర్ణముఖి పొంగి శ్రీకాళహస్తి అవతల పల్లెల్లో ఇళ్ళన్నీ బురదతో నిండిపోయాయనీ, మన లాడ్జి తరఫున పోయి శుభ్రం చేసి రావాలని ఓనరు అనుకుంటున్నాడనీ చెప్పాడు. జీతం ఎలాగూ ఇవ్వాలి, ఊరికే కూర్చోబెట్టి ఇవ్వడం ఆయనకు ఇష్టం లేదు. దీన్నే స్వచ్ఛంద సేవ అంటారని మోహన్ సార్ వివరించాడు. ఆయన వివరణ పూర్తికాకముందే నేను చెయ్యెత్తాను. టీవీలో ఆ ఇళ్ళు చూసినప్పటి నుంచి నా చేతులు ఊరుకోవడం లేదు.

ముందు ముందు ఎక్కడైనా తుఫాను వస్తే, మీకూ ఇలాగే చేతులు ఊరుకోకపోతే, పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

పొద్దున ఆరున్నరకు బస్టాండుకు చేరాం. మోహన్ సార్, నేను, నాతో పనిచేసే మునెమ్మ, బరువులు మోయడానికి ఇద్దరు మగవాళ్ళు, మొత్తం ఐదుగురం. సామాను మాత్రం పెళ్ళివారికి ఉన్నంత ఉంది. చీపురు కట్టలు, పారలు, బకెట్లు, నిమ్మకాయ వాసన ఫినాయిలు డబ్బాలు, బ్లీచింగ్ పౌడరు, పాత టవళ్ళు, అన్నిటికంటే జాగ్రత్తగా చుట్టి పట్టుకున్న ఒక బ్యానరు. బ్యానరు మోహన్ సార్ ఎవరి చేతికీ ఇవ్వలేదు. తన ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

ఆడవాళ్ళకు ఇప్పుడు బస్సులో డబ్బులు లేవు కదా, మునెమ్మా నేనూ ఆధార్ కార్డులు చూపించి సున్నా టికెట్టు తీసుకున్నాం. మగవాళ్ళు డబ్బులిచ్చి టికెట్టు కొన్నారు, కొన్నంతసేపూ మా వైపు అదోలా చూశారు. చీపుర్లకు లగేజి కొట్టాలా వద్దా అని కండక్టరుకు అనుమానం వచ్చింది. ఇది సేవ అని మోహన్ సార్ అన్నాడు. సేవకు వేరే రేటు లేదని కండక్టరు అన్నాడు. చివరికి చీపుర్లు మా కాళ్ళ సందున పెట్టుకుంటామని ఒప్పుకుంటే వదిలేశాడు. రేణిగుంట దాటాక ఎదురు సీట్లో పూలబుట్టతో కూర్చున్న పెద్దావిడ మా చీపుర్లను చాలాసేపు చూసి, "పరకలు అమ్మను పోతా ఉండారా మా? కట్ట ఎంత?" అనడిగింది. మోహన్ సార్ బ్యానరు కొంచెం విప్పి చూపించాడు. ఆమెకు చదువు రాదట. అయినా బ్యానరు బాగుందని మెచ్చుకుంది.

ఏర్పేడు దగ్గర రోడ్డు పక్క పొలాలు చెరువుల్లా ఉన్నాయి. వరి ఎక్కడుందో గట్టు ఎక్కడుందో తెలియడం లేదు. అప్పటిదాకా సేల్స్‌మన్లా మాట్లాడుతున్న మోహన్ సార్ కూడా బ్యానరు మళ్ళీ చుట్టేసి కిటికీ వైపు తిరిగాడు.

ఎనిమిదికల్లా శ్రీకాళహస్తిలో దిగాం. బస్టాండు ఎదురు వీధిలో ఇడ్లీ తినండి, వేరుశనగ చట్నీ బాగుంటుంది. అక్కడి నుంచి ఆటో. ఊరిముందు కాలువ మీద కల్వర్టు కొట్టుకుపోయింది కాబట్టి ఆటో అక్కడిదాకానే వస్తుంది. అవతలికి ఒక ట్రాక్టరు తిరుగుతోంది. ఆ ఊరి పేరు నేను రాయడం లేదు. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది. ట్రాక్టరు మీద మాతోపాటు ఆ ఊరి పెద్దాయన ఒకడు ఎక్కాడు, పేరు చెంగయ్య. మేమెవరో తెలిశాక, "నిన్న గూడా వచ్చినారు మా ఎవురో. అరిటిపండ్లు ఇచ్చి ఫోటోలు దీసుకోని పొయినారు. మీరు యా పండ్లు తెచ్చినారు?" అన్నాడు. పండ్లు కాదు, చీపుర్లు తెచ్చామని చెప్పాను. ఆయన మొహం అరిటిపండ్లప్పుడు ఎలా ఉందో తెలియదు గానీ, చీపుర్లకు మాత్రం వెలగలేదు.

ఊళ్ళో అడుగుపెట్టగానే నాకు ఒళ్ళు మండింది. వరద దిగి మూడు రోజులైంది. ఇళ్ళ నిండా పిక్కల లోతు బురద. తడిసిన బొంతలు, తేలివచ్చిన కంప, మొలకలొచ్చిన వడ్ల మూటలు ఎక్కడివక్కడే ఉన్నాయి. జనం మాత్రం అరుగుల మీద కూర్చుని వీధి చివరికి చూస్తున్నారు. ఒక్క చేతిలో చీపురు లేదు. నేను మొదటి ఇంటి ముందు నిలబడి శుభ్రం చేస్తామన్నాను. వద్దులే మా అన్నారు. రెండో ఇంట్లోనూ వద్దన్నారు. మూడో ఇంట్లో వద్దని టీ ఇచ్చారు. చెంగయ్య తన ఇంట్లోకి మమ్మల్ని చూడనివ్వకుండా వాకిట్లోనే మంచం వాల్చాడు. సాయంత్రం దాకా ఉంటే అప్పుడు చూద్దాం, ఇంకా సార్లు రాలేదు అన్నాడు. మేము వచ్చాం కదా, ఇంకే సార్లు రావాలని మోహన్ సార్ అడిగాడు. చెంగయ్య ఆయన వైపు జాలిగా చూసి మరో గ్లాసు టీ పోయించాడు.

ఇప్పుడు నా అనుభవం ఎంత గొప్పదో చూడండి. లాడ్జిలో తలుపు తడితే కొందరు క్లీనింగు వద్దంటారు. వద్దన్న వాళ్ళ గదే అన్నిటికంటే మురికిగా ఉంటుంది. చూపించడానికి సిగ్గుపడి వద్దంటారు. బలవంతంగా లోపలికి పోయి కడిగేస్తే తర్వాత సంతోషిస్తారు. ఇదే సంగతి మోహన్ సార్‌కు చెప్పాను. వీళ్ళది మొహమాటం సార్, ఒక్క ఇల్లు మెరిపించి చూపిస్తే మిగతా వీధంతా మన వెంట పడుతుంది అన్నాను. ఆయనకు నచ్చింది.

వీధి చివర, ఏటి వైపు, అరుగుల మీదివాళ్ళకు కనపడని మలుపులో ఒక ఇల్లు తలుపు తీసి ఉంది. పిలిస్తే ఎవరూ పలకలేదు. రెండు గదులు, వెనక వంటిల్లు. బురదలో ఒక కుట్టుమిషను నిలబడి ఉంది. పక్కనే బియ్యం మూట ఉబ్బి పగిలింది. గోడ మీద నా ఛాతీ ఎత్తున ఒక మట్టి గీత ఇల్లంతా చుట్టి పోయింది. మోహన్ సార్ ముందు ఆ బురదలో దిగి, బొటనవేలెత్తి, రకరకాలుగా నవ్వుతూ ఫోటోలు తీయించుకున్నాడు. పని కాకముందు ఒకటి, అయ్యాక ఒకటి పక్కపక్కన పెడితే బాగుంటుందట. ఫోటోలయ్యాక మేం మొదలుపెట్టాం.

ఆ ఇల్లు కడిగిన తీరు చెబితే గొప్ప అనుకుంటారు. అనుకోండి. మగవాళ్ళిద్దరూ పారలతో బురదెత్తి వీధి చివర కుప్ప పోశారు. కుళ్ళిన బియ్యం, నానిన బొంతలు, పగిలిన కుండలు అదే కుప్పలో వేశారు. నేను గోడలు పై నుంచి కిందికి రుద్దాను, ఆ మట్టి గీత పోయేదాకా మూడు నీళ్ళు మార్చాను. మునెమ్మ మిషను తుడిచి, చక్రం కింద ఇరుక్కున్న మట్టి పిన్నీసుతో తీసి, కొబ్బరినూనె వేసి, తిప్పి చూసింది. తిరిగింది. నేలకు ఫినాయిలు రెండుసార్లు పట్టించాం. పన్నెండు దాటేసరికి ఆ ఇంట్లో వరద వచ్చిందని ప్రమాణం చేసి చెప్పినా ఎవరూ నమ్మరు. మునెమ్మ ఊరుకోలేక వాకిట్లో బ్లీచింగ్ పౌడరుతో పద్మం ముగ్గు వేసింది. వేశాక తలుపు పైన చెక్క శిలువ కనిపించింది. వేసిన ముగ్గు చెరపడం ఎందుకని ఉంచేశాం. బ్యానరు కట్టి ఐదుగురం నిలబడి ఫోటోలు దిగాం. నేను కూడా నవ్వాను, నిజంగానే నవ్వాను.

అప్పుడు వచ్చింది ఆ ఇంటి మనిషి. ముప్పై ఏళ్ళుంటాయి, పేరు రూతమ్మ. భర్త చెన్నైలో కట్టడం పనికి పోతాడు, ఈమె ఊళ్ళో జాకెట్లు కుడుతుంది. బడిలో పెట్టిన శిబిరంలో కూతురికి అన్నం తినిపించి వస్తోంది. ముగ్గు దగ్గరే ఆగిపోయింది. మేం పక్కకు జరిగి, సంతోషించడానికి ఆమెకు చోటిచ్చాం. లోపలికి తొంగి చూసింది. గోడ దగ్గరికి పోయి అరచేత్తో తడిమింది. తర్వాత గడప మీద కూర్చుంది.

"మూడు దినాలుగా కాపలా ఉండానక్కా," అంది, అరవలేదు, నెమ్మదిగానే. "కోడిని గూడా లోపల కాలు పెట్టనీలా. వీఆర్వో మేడం వచ్చి సూసేదాకా ఎట్లుండేది అట్లే ఉండాలన్నారు. ఈ పొద్దు మద్దేనం వస్తాదంట."

నష్టం కళ్ళతో చూసి రాసుకుంటేనే సర్కారు సాయం. ఇల్లు మునిగినట్టు గోడ చెప్పాలి, తిండిగింజలు పోయినట్టు మూట చెప్పాలి. ఊరంతా చీపురు ముట్టకుండా అరుగుల మీద కూర్చున్నది అందుకు. వీధంతా మా చుట్టూ చేరింది. చెంగయ్య మాత్రం, "వద్దంటే ఇనుకోలా గదమ్మా మీరు," అని ఊరుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ గీత యాడికుండెనో సూసినావా అక్కా?" రూతమ్మ నన్నే అడిగింది. "మిషనుకు ఆనుకోని నిలబడుకోని బిడ్డను నెత్తిన పెట్టుకోనుంటి. నీళ్ళు నా రొమ్ములకాడికి వచ్చి నిలిచిపాయ. ఆ గీత సూపిస్తే సాలు, నేనేం సెప్పుకునే పన్లేదు అనుకుంటి."

మూడు నీళ్ళు మార్చి నేను తుడిచింది దాన్ని. నాకు సిగ్గేసింది. ఈ వయసులో నడివీధిలో అంత సిగ్గు పడతానని ఎప్పుడూ అనుకోలేదు. ఏడుపు కూడా వచ్చింది గానీ, ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాల్సి వస్తుందని ఆపుకున్నాను.

"మట్టి యాడికీ పోలేదు గదా," అన్నాను. "తీసినోళ్ళమే మళ్ళా పోస్తాం."

మోహన్ సార్ బ్యానరు వంక చూశాడు. శుభ్రతా సేవ అని రాసి ఉంది దాని మీద. దాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాడు.

నా ఉద్యోగ జీవితంలో అంత కష్టమైన పని చేయలేదు. బురద తీయడానికి పార చాలు, పోయడానికి తెలివి కావాలి. వరద పోసినట్టు పోయాలి కదా. మేము పోస్తే కుప్పలు కుప్పలుగా పడింది. వద్దువద్దన్న వీధంతా ఇప్పుడు సాయానికి దిగింది. ఆ మూల ఇంకొంచెం ఎత్తుండె అని ఒకరు, బిందె అట్లా కాదు పక్కకు పడుండె అని ఒకరు. బియ్యం మూట కుప్పలోంచి లాగి దాని చోట కూర్చోబెట్టాం. నీళ్ళు పోసి పలచన చేసి, కాళ్ళతో తొక్కి సర్దాం. మునెమ్మ ముగ్గు మీద అన్నిటికంటే ముందు ఒక తట్ట పడింది. గోడ గీత మునెమ్మే వేస్తానంది. బురదలో గుడ్డ ముంచి, రూతమ్మను గోడ పక్కన నిలబెట్టి కొలత చూసుకుని గీసింది. ఎంతైనా రోజూ ముగ్గులు పెట్టే చెయ్యి, గీత దారం పట్టి గీసినట్టు వచ్చింది. ఏరు ఇంత తిన్నగా యాడ గీస్తాదిమ్మా అని చెంగయ్య దాన్ని వేలితో అక్కడక్కడా చెడగొట్టాడు.

మిషను దగ్గరికి వచ్చేసరికి రూతమ్మ అడ్డం నిలబడింది. "దానికొద్దు. తిరగతా ఉండాది గదా, దానికి మళ్ళా మట్టి పుయ్యొద్దండి," అంది. మిషను పోయిందని రాస్తే సాయం ఎక్కువ రావొచ్చని ఎవరో గొణిగారు. ఆమె చక్రం మీద చెయ్యి తీయలేదు. కాబట్టి పిక్కల లోతు బురద మధ్య ఆ మిషనొక్కటీ షాపులోంచి తెచ్చినట్టు మెరుస్తూ నిలబడింది.

మేము కాళ్ళు కడుక్కునే లోపే ట్రాక్టరు మీద కాలువ దాటించిన వీఆర్వో మేడం స్కూటీ వచ్చింది. చిన్న వయసు. చెప్పులు చేత పట్టుకుని ఒక్కో ఇంట్లోకీ దిగి చూసి, ఫోన్లో ఫోటో తీసుకుని వస్తోంది. ఏ ఇంటినీ గడప బయటి నుంచి చూసి వదిలేయలేదు. రూతమ్మ ఇంట్లో అడుగుపెట్టి ఆగింది. మిషను చూసింది. గీత చూసింది. తర్వాత ముక్కు ఎగబీల్చింది.

"బురద నిమ్మకాయ వాసన వస్తా ఉండాదే," అంది.

రూతమ్మ మొహంలో రంగు పోయింది. నేను ముందుకు పోయి జరిగింది జరిగినట్టు చెప్పాను. బురద ఈ ఇంటిదే, వరద నిజమే, మధ్యలో మా తెలివి ఒక్కటే అబద్ధం అన్నాను. తప్పు మాది, ఆమెను శిక్షించొద్దన్నాను. మేడం మోచేతుల దాకా మట్టి పూసుకున్న మా ఐదుగురినీ వరసగా చూసింది. పోసిన బురద ఫోటో తీసి తాను పైకి పంపలేనంది. కడగకముందు ఎట్లుండిందో చూసినవాళ్ళున్నారు గానీ చూపించేది ఏమైనా ఉందా అనడిగింది.

మోహన్ సార్ మెల్లగా ఫోను తీశాడు. పొద్దున తీయించుకున్న ఫోటోలన్నీ ఉన్నాయి, తేదీ, టైముతో సహా. మేడం ఒక్కోటీ జరిపింది. అన్నిట్లోనూ మోహన్ సారే. ఒకదాంట్లో ఆయన వెనక గోడ మీద గీత స్పష్టంగా ఉంది, పక్కన పగిలిన మూట, మట్టి కప్పుకున్న మిషను. మధ్యలో ఆయన బొటనవేలెత్తి నవ్వుతున్నాడు.

"మీరు కొంచెం పక్కకు జరిగి ఉంటే బాగుండు సార్," అని, ఆ ఫోటో తన ఫోన్లోకి పంపించుకుంది. తర్వాత రూతమ్మ పేరు రాసుకుంది.

అంటే ఆ రెండు మూడు గంటలు మేము మోసిన బురదంతా అక్కర్లేని బురద. ఫోన్లో ఫోటోలున్న సంగతి బురద పోసేటప్పుడు మోహన్ సార్‌కు గుర్తు రాలేదు, మాకూ రాలేదు. ఆ మాట ఆయనతో అనాలనుకుని, ఆయన మొహం చూసి మానుకున్నాను.

మేడం స్కూటీ వీధి మలుపు తిరిగిందో లేదో, ఊరు ఊరంతా ఒక్కసారి లేచింది. ఎక్కడ దాచారో గానీ ప్రతి ఇంట్లోంచీ చీపుర్లు, పారలు, చేటలు బయటికి వచ్చాయి. మూడు రోజులు ఆపుకున్న చేతులవి. వాళ్ళ ముందు మా లాడ్జి వేగం ఏ మూలకు. నేను చీపురు పట్టుకుని రూతమ్మ గడప ఎక్కబోతే ఆమె నా చేతిలోంచి దాన్ని తీసుకుంది.

"కూసో అక్కా. వద్దంటే వద్దే," అంది. మొదటిసారి కొంచెం నవ్వింది.

ఈసారి నేను కూర్చున్నాను. చెంగయ్య మంచం మీద ఐదుగురం వరసగా కూర్చుని టీ తాగుతూ, పక్కవాళ్ళు శుభ్రం చేస్తుంటే చూశాం. చాలా కష్టమైంది నాకు. రూతమ్మ మూలలు సరిగ్గా తీయడం లేదు. నోరు తెరవలేదు.

వచ్చేటప్పుడు చీపుర్లు, బకెట్లు, ఫినాయిలు అన్నీ అక్కడే వదిలేశాం. ట్రాక్టరు దాకా రూతమ్మ వచ్చింది. ఇంకో పెద్దసారు ఎప్పుడైనా వచ్చి మళ్ళీ చూస్తాడట. అందుకని మోహన్ సార్‌ను ఒక్కటే కోరింది. ఇల్లు తళతళలాడుతున్న ఆ ఫోటోలు ఎక్కడా పెట్టొద్దని, ఎవరైనా చూస్తే ఈ ఇంటికి ఏమైందని అడుగుతారని. ఆయన సరే అన్నాడు. మిషను బాగా తిరుగుతోందని మునెమ్మకు విడిగా చెప్పింది.

తిరుగు ప్రయాణం శ్రీకాళహస్తి నుంచి ప్యాసింజరులో. రైల్లో ఆడవాళ్ళకూ టికెట్టు ఉంది, గుర్తు పెట్టుకోండి. బోగీలో జామకాయల గంపతో ఉన్న ఒకామె మా బట్టల మీద మట్టి చూసి, "నాట్లకు పొయ్యొస్తా ఉండారా మా?" అనడిగింది. మునెమ్మ అవునంది. ఆమె జాలిపడి మాకు తలా ఒక జామకాయ ఇచ్చింది.

మోహన్ సార్ కిటికీ పక్కన కూర్చుని ఫోను చూస్తున్నాడు. ఓనరు పొద్దుటి నుంచి ఫోటోలు పంపమని అడుగుతూనే ఉన్నాడు. పనికాకముందు ఫోటోలు పంపితే పని చేయలేదంటాడు. పని అయ్యాక ఫోటోలు పంపకూడదు. ఏర్పేడు దాటాక నా వైపు తిరిగాడు.

"ఒక్కటి ఉంచుకుందునా సరోజమ్మా? ఎవురికీ సూపించను," అన్నాడు.

ఆ ఫోటోలో నేను కూడా బాగున్నాను. అద్దంలాంటి నేల, తెల్లటి గోడ, మునెమ్మ ముగ్గు, బ్యానరు కింద మేమందరం. గోడ మీద అరచెయ్యి పెట్టి తడిమిన రూతమ్మ గుర్తొచ్చింది. ఆయన నా మొహం చూసి, ఒక్కోటి నొక్కి చెరిపేస్తూ పోయాడు. రేణిగుంట వచ్చేసరికి అన్నీ అయిపోయాయి.

తిరుపతిలో దిగేటప్పటికి చీపుర్లు లేవు, ఫోటోలు లేవు, ఫలానా ఊరికి పోయి వచ్చామని చెప్పుకోవడానికి కూడా లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మనుషులు వచ్చిపోయిన ఆనవాలు లేకుండా నేను చేసిన గదుల్లో ఈ ప్రయాణమంత శుభ్రంగా కుదిరింది ఒక్కటీ లేదు.